అతుకు

ఫిల్ముకు రెండు వైపులు.
బొమ్మ ఏ వైపుందో చీకట్లో తెలియాలంటే
తడి పెదవికి ఆనించి చూడాలి.
అంటుకున్నదే బొమ్మ.
తిబిలీసీ స్టూడియో మూడో అంతస్తులో
లమారా నాకు నేర్పిన మొదటి పాఠం అది.
రెండోది: గోళ్ళు పెంచకు.

ఆ చలికాలం మా బల్ల మీద
ఒక కళాయి పనివాడి కథ.
తమ్ముడు పోయాడని కబురొస్తుంది.
సగం కళాయి పట్టిన గిన్నె ఇంకా చేతిలోనే ఉంటుంది.
ఆ వేషం కట్టిన జుంబేర్ పదకొండుసార్లు ఏడ్చాడు.
పదకొండూ బాగున్నాయి.
ఏడోసారి కెమెరా పట్టినవాడికీ దుఃఖం ఆగలేదట,
ఫ్రేము సన్నగా వణికింది.
దర్శకుడు ఆ వణుకు మీద మనసు పారేసుకున్నాడు.
"అదే కావాలి. తెర నిండా ముఖం" అన్నాడు.

లమారా అవుననలేదు, కాదనలేదు.
నూలు తొడుగులు వేసుకుని
ఏడుపుని ముందుకి నడిపింది, వెనక్కి నడిపింది.
వెనక్కి నడిపితే కన్నీళ్ళు
చెంపల మీంచి కళ్ళల్లోకి ఎక్కిపోతాయి,
చూశారా ఎప్పుడైనా?
కబురింకా అందని ముఖం మిగులుతుంది,
కడిగి బోర్లించిన గిన్నెలా.
అక్కడ ఆపి, చాలాసేపు చూసి,
"వీడే ఇంత ఏడ్చేస్తే
చూడవచ్చినవాడికి ఇక పనేముంది?" అంది.
"అతిథిని పిలిచి
వాడి ముద్ద కూడా మనమే మింగినట్టు."

క్లోజప్పంటే దగ్గరికి వెళ్ళడం అనుకునేదాన్ని.
తలుపు తట్టకుండా లోపలికి చొరబడడమూ అదేనని
ఆ రాత్రి తెలిసింది.

పనికిరాని ముక్కలు వేసే గోతాంలో
మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికింది.
వెలుతురు సరిచూసుకోవడానికి
ఎవరో ఊరికే తీసి వదిలేసిన ముక్క దొరికింది:
జుంబేర్ మెడ వెనుక భాగం, చొక్కా కాలరు,
ఆవిరి పట్టిన కిటికీ. నలభై సెకన్లు.
అంతే, ఏమీ జరగదు.
ఇంకో రీలులోంచి చప్పుడొకటి తెచ్చి కింద పరిచింది,
పక్కింట్లో ఎవరో అక్రోటు కాయలు కొడుతున్నారు.
ఒకటి.
కాసేపటికి ఇంకొకటి.
మూడోది పగిలేలోపు కోసేసింది.

మొదటి ప్రదర్శనలో జుంబేర్ లేచి నిలబడ్డాడు.
"నా ఏడుపేది? పదకొండు రోజులు నాకు గొంతు లేదు!"
ఎవరం మాట్లాడలేదు.
అతని వైపు న్యాయం లేకపోలేదు.

తర్వాత కుతైసిలో, రైల్వే కార్మికుల హాల్లో
నల్ల తలగుడ్డ కట్టుకున్న ఒకావిడ
ఆట అయ్యాక మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది.
"ఆ కన్నీటిబొట్టు గడ్డం దాకా జారి
గిన్నెలో పడింది చూడండి,
టప్పుమన్న చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది" అంది.
లమారా ఆమె చెయ్యి పట్టుకుని
"అవునమ్మా" అంది.
ఇంకేం అనలేదు.

ఆ తర్వాత చాలా చదివాను.
తెర మీద ఉన్నదాని గురించి, తెర అంచుకు అవతల ఉన్నదాని గురించి
పెద్దవాళ్ళు రాసినవి, బాణాలు గీసిన పటాలతో సహా.
బాగానే చెప్పారు.
బంక ఆరేదాకా అతుకు మీద వేలు నొక్కి ఉంచి
ఊపిరి బిగబట్టే ఆ కాసేపు గురించి మాత్రం
ఎవరూ రాయలేదు.
లమారా చేసింది మర్యాదో, టక్కరితనమో
నేనింకా తేల్చుకోలేదు.
రెండూ ఒకే చేత్తో చేసేదేమో ఆవిడ.

ఏడో ఏడుపుని ఆ రోజే దొంగిలించాను.
ముప్ఫై ఏళ్ళుగా టీ డబ్బాలో ఉంది.
ఇవాళ మంచు పడి కిటికీ తెల్లగా వెలుగుతుంటే
విప్పి, గాజుకు అడ్డంగా పట్టుకున్నాను.
గడి తర్వాత గడి,
నోరు తెరిచిన మనిషి.
ఆవలిస్తున్నాడేమో. పాడుతున్నాడేమో.
వీధి చివరున్న ఎవరినో కేకేస్తున్నాడేమో.
ఏ గడిలోనూ కన్నీరు దొరకలేదు.
రెండు గడుల నడుమ సన్నటి నల్లగీత ఉంటుంది,
ఉంటే అందులో ఉండాలి.

పెదవి తడిచేసుకుని ఆనించి చూశాను.
ఇంకా అంటుకుంటోంది.